పరిమళం దేనికి మందు?

కేన్సర్ అని తేలిన ఇంటికి పరామర్శకు వచ్చేవాళ్ళు పళ్ళతో పాటు సలహాలు కూడా తెస్తారు. ఒకప్పుడు అవి పసరు మందులు, తర్వాత లక్ష్మణఫలం ఆకుల కషాయం. ఇప్పుడు వాట్సాప్ వీడియోల వెంట చిన్న గాజు సీసాలు వస్తున్నాయి. లావెండర్, ఫ్రాంకిన్‌సెన్స్, లెమన్‌గ్రాస్, పెప్పర్‌మింట్. రోజూ ఇన్ని చుక్కలు పీలిస్తే, అరికాళ్ళకు రాసుకుంటే, నాలుక కింద వేసుకుంటే కణితి కరిగిపోతుందని ఆ సీసాతో పాటు ఒక మాట కూడా ఇంట్లోకి వస్తుంది. ఆ మాట చెవిన పడ్డ డాక్టరుకు కోపం రావడం సహజం. ముందు దాన్ని అవతల పారేయమంటాడు. సీసా తెచ్చినవాళ్ళకూ డాక్టరుకూ పొత్తు కుదరదు గానీ, ఇద్దరి మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. రోగాన్ని తగ్గిస్తేనే దేనికైనా విలువ, లేకపోతే అది వృథా. నా వాదనంతా ఈ నమ్మకం మీదే. పరిమళ తైలాలు కేన్సర్‌ను ఏమీ చేయలేవు. కేన్సర్ వచ్చిన మనిషికి మాత్రం కొంత మేలు చేయగలవు. ఈ రెండు మాటల్లో దేన్నీ మింగేయకుండా రెండింటినీ రోగికి చెప్పగలగాలి.

మన వైద్యశాస్త్రానికి ఈ తేడా కొత్త కాదు. చరకసంహిత చికిత్సను మూడు తెగలుగా చెప్పింది. మంత్రం, హోమం, ఉపవాసం వంటివి దైవవ్యపాశ్రయం. ఆహారాన్నీ ఔషధాన్నీ ఆలోచించి కూర్చడం యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాల నుంచి మనసును మళ్ళించి నిలబెట్టడం సత్త్వావజయం. మూడింటినీ చికిత్స అనే అన్నారు, కానీ మూడింటినీ కలగాపులగం చేయలేదు. దేని పని దానిదే. పరిమళాన్ని నేను ఈ మూడో తెగలో పెడతాను. రెండో తెగలోకి తోసి, అది కణితితో యుద్ధం చేస్తుందన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. తర్కశాస్త్రం దగ్గరికి వెళ్ళినా ఇదే కనిపిస్తుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదువుకున్నవాళ్ళకు గంధం పృథివి గుణమనీ, దాన్ని పట్టేది ముక్కు కొనన ఉండే ఘ్రాణేంద్రియమనీ, గంధం సురభి, అసురభి అని రెండు విధాలనీ తెలుసు. అదే శాస్త్రం సుఖదుఃఖాలను ఆత్మ గుణాలుగా లెక్కించింది, శరీర గుణాలుగా కాదు. ఆత్మ ఉందా లేదా అన్న చర్చ ఇక్కడ పెట్టుకోనక్కర్లేదు. ఆత్మను ఒప్పుకోనివాళ్ళు కూడా ఒప్పుకోవలసిన సంగతి ఇందులో ఒకటుంది. కణితికి నొప్పి తెలియదు. భయం తెలియదు. రాత్రి రెండింటికి నిద్ర పట్టక పంకా వైపు చూస్తూ పడుకోవడం అంటే ఏమిటో దానికి తెలియదు. అవన్నీ మనిషికే. అలాంటప్పుడు కణితిని కొలిచే స్కాన్ ఒక్కటే మనిషి బాధను కూడా కొలుస్తుందని ఎలా అనుకుంటాం?

అనుభవం ఏం చెబుతోందో చూద్దాం. అరోమాథెరపీ అన్న పేరు పెట్టినవాడు గాట్‌ఫోసే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. 1937లో ఆ పేరుతోనే పుస్తకం వేశాడు. ఆ తర్వాత చాలాకాలం కథలే ఎక్కువ, పరీక్షలు తక్కువ. బ్రిటన్‌లో ఆందోళన, దిగులుతో బాధపడుతున్న 288 మంది కేన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. మామూలు వైద్యసేవతో పాటు పరిమళ తైలాలతో మర్దన కూడా అందినవాళ్ళు ఆరు వారాల దగ్గర మిగతావాళ్ళకంటే నెమ్మదిగా ఉన్నారు. పది వారాల దగ్గర చూస్తే ఆ తేడా లేదు. అంతకు ముందు 2003లో ఆస్ట్రేలియాలో రేడియేషన్ తీసుకుంటున్న 313 మందికి తైలాలు పీల్చడానికి ఇచ్చి చూస్తే ఉపయోగం కనబడలేదు. పైగా వాసన లేని నూనె ఇచ్చిన గుంపులోనే ఆందోళన తక్కువగా తేలింది. 2016లో కాక్రేన్ సంస్థ మర్దన మీద, పరిమళంతో కూడిన మర్దన మీద జరిగిన 19 అధ్యయనాలను, 1274 మంది రోగుల వివరాలను కలిపి పరిశీలించి, సాక్ష్యం నాణ్యత బాగా తక్కువగా ఉందని, గట్టిగా ఏదీ చెప్పలేమని తేల్చింది. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది. ఉపశమనం ఉంటే ఉంటుంది, అది కొద్దిపాటిది, కొద్ది రోజులది, అందులో నూనె పాలెంతో ఒళ్ళు నిమిరిన చేతి పాలెంతో విడదీసి చెప్పడం కష్టం. దీన్ని ఓటమి అనుకునేవాళ్ళు ఉంటారు. నేను అనుకోను. కొన్ని వారాల పాటు ఎవరో ఒకరు తీరిగ్గా కూర్చుని, తొందర లేకుండా వీపు నిమిరితే ఒక భయపడ్డ మనిషి కాస్త తేరుకోవడం చిన్న విషయం కాదు.

ఇందులో శరీరధర్మం లేదని కూడా కాదు. లావెండర్‌లో ప్రధానంగా ఉండే లినలూల్ వాసన ఎలుకల ఆందోళనను తగ్గించిందని జపాన్ పరిశోధకులు 2018లో చూపించారు. వాసన పట్టే శక్తి పోగొట్టిన ఎలుకల్లో మాత్రం ఆ ఫలితం రాలేదు. అంటే దారి ముక్కు గుండా మెదడుకే. ఊపిరితిత్తిలోనో రొమ్ములోనో ఉన్న గడ్డ దాకా ఆ దారి లేదు. ఫ్రాంకిన్‌సెన్స్ సంగతి మరీ చిత్రం. అది వచ్చే చెట్టు బంకలోని బోస్వెల్లిక్ ఆమ్లాల మీద నిజంగానే పరిశోధనలు జరిగాయి. మెదడు కణితులకు రేడియేషన్ తీసుకుంటున్న 44 మందికి జర్మనీలో ఆ బంక సారాన్ని మాత్రలుగా ఇస్తే మెదడు వాపు తగ్గింది. కణితి కరిగిందని ఆ పరిశోధకులు అనలేదు. ఇంకో సంగతి, బోస్వెల్లిక్ ఆమ్లాలు బరువైన అణువులు, ఆవిరితో పాటు లేచి రావు. కాబట్టి ఆవిరి పట్టి తీసిన తైలంలో అవి ఉండనే ఉండవు. ఏ పదార్థం పేరు చెప్పి సీసా అమ్ముతున్నారో ఆ పదార్థమే సీసాలో లేదన్నమాట. గాజు పళ్ళెంలో కేన్సర్ కణాల మీద తైలం పోస్తే అవి చచ్చాయన్న అధ్యయనాలు బోలెడున్నాయి. పళ్ళెంలో కణాలను చంపడం బ్లీచింగ్ పౌడర్ కూడా చేస్తుంది. మనిషి లోపల, మంచి కణాలను వదిలేసి, తట్టుకోగల మోతాదులో చంపగలదా అన్నదే ప్రశ్న.

దీనికి బలమైన ఎదురువాదం ఒకటుంది. మొక్కలు దేవుడిచ్చినవి, సైన్సుకు అన్నీ తెలియవు కదా అంటారు. మొక్కల శక్తిని సైన్సు కాదనలేదు. మన పెరళ్ళలో, గుడి ఆవరణల్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల రక్త కేన్సర్ చికిత్సలో అది ఈనాటికీ మూలస్తంభం. కానీ ఆ ఆకులో ఉన్న విషాన్ని వేరు చేసి, మిల్లీగ్రాముల్లో కొలిచి, నరాలను ఎంత దెబ్బతీస్తుందో చూసి, వేల మంది మీద పరీక్షించాకే అది మందయింది. బిళ్ళగన్నేరు ఆకులు నమిలితే ప్రమాదం. దైవదత్తమైన దాన్ని గౌరవించడమంటే దాని గుణదోషాలు తెలుసుకోవడమే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం డాక్టర్ల నుంచి వస్తుంది. కాస్త ఊరటే కదా అని తలుపు తీస్తే దాని వెనకే మోసం లోపలికొస్తుందంటారు. దీన్ని తేలిగ్గా తీసేయలేం. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు చికిత్సతో పాటు ఇతర పద్ధతులు కూడా వాడిన 258 మంది అమెరికన్ రోగులను చూశారు. వాళ్ళలో 34.1 శాతం మంది కీమో వద్దన్నారు. అవి వాడనివాళ్ళలో అలా వద్దన్నది 3.2 శాతమే. వాడినవాళ్ళకు మరణించే ప్రమాదం రెట్టింపుగా తేలింది. అయితే చికిత్సను నిరాకరించడం, ఆలస్యం చేయడం అన్నవి లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా పోయింది. చంపింది తైలం కాదు, తైలం ఉందిగా అని మానేసిన చికిత్స. దీన్నిబట్టి నేను తేల్చుకున్నది, పరిమళాన్ని బయటికి గెంటితే రోగి దాన్ని డాక్టరుకు తెలియకుండా వాడతాడు, అమ్మేవాడి మాటే వింటాడు. ఆసుపత్రిలోనే, డాక్టరు ఎదుటే, ఇది నిద్రకూ ఆందోళనకూ మాత్రమే అని చెప్పి ఇస్తే అబద్ధానికి చోటు తగ్గుతుంది.

మరి ఆశ సంగతి? ఉన్న ఒక్క ఆశనూ తీసేయడం పాపం కాదా అని అడుగుతారు. ఇది ధర్మసందేహం, అడిగేవాళ్ళు ప్రేమతోనే అడుగుతారు. రోగి కోసం మన ఇళ్ళల్లో జపించే మృత్యుంజయ మంత్రం శివుణ్ణి సుగంధం కలవాడని స్తుతిస్తుంది. పండిన దోసకాయ తొడిమ నుంచి విడివడినట్టు మృత్యువు నుంచి విడిపించమని అడుగుతుంది. భయం లేని విడుదలను కోరడం కూడా ప్రార్థనే అని అందులో నాకు వినిపిస్తుంది. ఆశకు నయం కావడం ఒక్కటే గురి కానక్కర్లేదు. ఈ రాత్రి నిద్ర పట్టాలని, రెండు ముద్దలు కడుపులో నిలవాలని, మనవరాలి పెళ్ళి దాకా ఉండాలని కోరుకోవడం కూడా ఆశే, ఈ ఆశలకు వైద్యం చేయగలిగింది ఎంతో ఉంది. అబద్ధపు ఆశ డబ్బుతో ఆగదు. తైలం పనిచేయనప్పుడు నువ్వు నమ్మకంతో వాడలేదనో, నీ కర్మ అనో రోగినే దోషిని చేస్తుంది. చావుకు దగ్గరైన మనిషి నెత్తిన ఆ నిందను పెట్టడం కంటే క్రూరత్వం ఏముంది? మల్లెపూల వాసన హాయిగా ఉండటానికి ఎవరూ ఏదీ నమ్మక్కర్లేదు. ఊరటకు అబద్ధం తోడు అవసరం లేదు.

ఊరట ఇచ్చేటప్పుడు కూడా తెలివి కావాలి. కీమో నడుస్తున్నప్పుడు నాలుకా ముక్కూ మారిపోతాయి. ఎంతో ఇష్టపడే పోపు వాసనకే కడుపులో దేవినట్టవుతుంది. కొందరికి ఆసుపత్రి గేటు దగ్గరి వాసన తగలగానే సూది పడకముందే వాంతి వస్తుంది, మెదడు ఆ రెంటినీ ముడివేసుకుంది కాబట్టి. అందుకే ఇష్టమైన పరిమళాన్ని కీమో రోజున వాడితే రేపు అదే పగబట్టవచ్చు. ఏ వాసన కావాలో, అసలు కావాలో వద్దో రోగే చెప్పాలి. రేడియేషన్ తగిలిన చర్మం మీద తైలాలు రాయకూడదు. నీలగిరి తైలం వంటివి తాగితే మూర్ఛలు రావచ్చు. ఆక్సిజన్ పెట్టిన గదిలో అగరొత్తి వెలిగించకూడదు. అన్నిటికంటే ముందు నొప్పి తగ్గాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మన దేశంలో నొప్పి తగ్గించే మార్ఫిన్ దొరకడం గగనమైపోయింది. 2014లో చట్టాన్ని సవరించాక కూడా అడగకపోతే అందని చోట్లు చాలా ఉన్నాయి. నొప్పితో మెలికలు తిరిగే మనిషి పక్కన లావెండర్ దీపం పెట్టి ఊరుకోవడం సేవ అనిపించుకోదు. నొప్పినీ బాధనూ తగ్గించే పాలియేటివ్ కేర్ డాక్టరు ఎక్కడున్నారో అడగండి, ఇంట్లో వాడుతున్న సీసాను దాచకుండా తీసుకెళ్ళి చూపించండి. కణితి కరిగిస్తుందని చెప్పేవాళ్ళ దగ్గర మాత్రం కొనకండి. కేన్సర్ నయం చేస్తామంటూ మందుకు ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం ఈ దేశంలో నేరం.