గట్టు మీది గడ్డి – మొదటి శీలం



ఉపాసక, ఉపాసికలారా! హిమాయత్‌నగర్‌లోనో, చిక్కడపల్లిలోనో, అశోక్‌నగర్‌లోనో కిరాయికి ఉంటున్న మీలో కొందరికి ఊళ్ళో ఇంకా ఎకరమో అరెకరమో చెలక ఉండే ఉంటది. ఆ చెలక గట్టు మీది గడ్డికీ, మనం రోజూ చెప్పుకునే పంచశీలకూ సంబంధం ఏమిటి? కాస్త ఆలోచిద్దాం.

కౌజు పిట్ట మీకు తెలుసు. హోటళ్ళలో ఆ పేరుతో దొరికేది ఎక్కువగా ఫారంలో పెంచిన జపాన్ జాతి పిట్ట. మన చెలకల్లోని అడవి కౌజు వేరు. అది గట్టు మీద గడ్డిలో, పొద కింద, నేల మీదనే గుడ్లు పెడుతది. దాని పిల్లలు చెదలు, పురుగులు తిని పెరుగుతయి. ఎండాకాలం గట్టుకు నిప్పు పెడితే గుడ్లు పోతయి. గడ్డిమందు కొడితే దాగే చోటు పోతది. పురుగుమందు కొడితే పిల్లల తిండి పోతది. మనం కత్తి పట్టకుండానే ఇదంతా జరుగుతది.

ఇంగ్లండులో కొందరు భూస్వాములు పొలం అంచున గడ్డి పట్టీలు వదిలి ఇటువంటి పక్షులను కాపాడుతరు. ఎందుకు? వేట కాలం రాగానే తుపాకీతో కాల్చడానికి. పిట్టలు పెరుగుతున్నయి కదా, మరి ఇది కరుణేనా?

బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో చంపాలనే కోరికనూ, చంపక తప్పని అవసరాన్నీ వేరు చేసి చూపించారు. ఆ కొలత పెట్టి చూడండి. సరదాకు కాల్చేవాడిది కోరిక. కడుపు కోసం ఉచ్చు వేసేవాడిది అవసరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరమన్నది, అది మంచిదే. కానీ ధమ్మం ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టదు. ఉచ్చు వేసే కుటుంబానికి వేరే బతుకుదెరువు చూపకుండా ‘చంపకు’ అని మాత్రమే చెబితే అది సగం శీలమే.

ఇంకో ప్రశ్న ఉంది. కరుణ ఖర్చు ఎవరు భరించాలె? రోళ్ళపాడు సంగతి చూడండి. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. లోపల కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పంటలు మేసినయి. నష్టం రైతుకు, పేరు అభయారణ్యానికి. రైతుల మనసు విరిగింది. కాలువ నీళ్ళతో పంటలూ మారినయి. ఎవరి కోసం అదంతా చేశారో ఆ బట్టమేకే అక్కడ కనిపించకుండా పోయింది. పేదవాడి నెత్తిన మోపిన కరుణ నిలవదు. తరతరాలు వెట్టి చేసినోళ్ళ బిడ్డలం, ఈ మాట మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర లేదు.

కాబట్టి ఇంగ్లండు వాళ్ళ పద్ధతి తీసుకుందాం, ఉద్దేశం వదిలేద్దాం. గడ్డి అదే, చేతన వేరు. గట్టును కాల్చకండి. గట్టు మీద మందు కొట్టకండి. కోత మధ్యలో మొదలుపెట్టి అంచులకు రండి, పిట్టలు బయటికి పారిపోతయి. గట్టు గడ్డి మన మట్టిని కూడా పట్టి ఉంచుతది.

చెలక కౌలుకు ఇచ్చారా? అయితే ఆ గట్టు నష్టం కౌలుదారు మీద వేయకండి, కౌలులో తగ్గించండి. ఈ ఆదివారం వందన అయ్యాక ఊరికి ఒక ఫోన్ చేయండి. మొదటి శీలం నోటితో మొదలైతది, కానీ గట్టు దాకా పోవాలె.

జై భీమ్.