తింటే లేని తప్పు పెంచుకుంటే ఉందా?
గాజుతొట్టిలో ఆక్టోపస్, మన మొదటి శీలం



మొన్న పౌర్ణమినాడు వందనం ముగిసినాక ఒక తమ్ముడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వాళ్లది మైపాడు దగ్గర పల్లె. స్నేహితుడి వలలో చిన్న ఆక్టోపస్ ఒకటి ప్రాణంతో పడిందట. బక్కెట్లో సముద్రపు నీళ్లు పోసి ఇంటికి తెచ్చుకున్నాడు. నెల్లూరు టౌన్‌లో గాజుతొట్టి కొని దాంట్లో పెంచాలని ఆశ. విదేశాల్లో ఇళ్లల్లో ఆక్టోపస్‌లను పెంచే వీడియోలు ఫోన్లో చూశాడు. "శీలం తీసుకున్నాం గదన్నా, ఇది తప్పా?" అని అడిగాడు. మంచిది కాదన్నాను.

వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు. "మనం చేపల పులుసు తింటాం. తింటే లేని తప్పు పెంచుకుంటే ఏందన్నా? నేను దాన్ని చంపడం లేదు గదా, సాకుతున్నా."

అప్పటికప్పుడు నాకు సరైన జవాబు తోచలేదు. అది చిన్న ప్రశ్న కాదు. ఇంటికొచ్చి ఆలోచించింది మీ ముందు పెడుతున్నాను.

ముందు ఒక అనుమానం

జీవహింస అనే మాట వినగానే మనలో చాలామందికి ఒళ్లు మండుతుంది. అందులో న్యాయం ఉంది. ఏం తింటున్నారో చూసి మనిషిని అంటరానివాణ్ణి చేసిన దేశం ఇది. అంటరానితనం పుట్టుకకూ గొడ్డుమాంసానికీ ఉన్న సంబంధాన్ని బాబాసాహెబ్ 1948లో 'అంటరానివారు' గ్రంథంలో వివరించారు. ఆవుకు పూజ చేసి, మనిషిని ఊరి బయట పెట్టిన వాళ్ల నోట అహింస వింటే నమ్మబుద్ధి కాదు.

కాబట్టి తేటగా చెబుతున్నా. ఇక్కడ మాట్లాడేది మడి గురించి కాదు. ఎవరి కుండలో ఏం ఉడుకుతోందో లెక్క తీసే పని ధమ్మానిది కాదు. మనిషి పడ్డ బాధనూ జంతువు బాధనూ ఒకే తక్కెడలో వేసి తూచడమూ లేదు. కానీ ఒక మాట ఉంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సకల జీవుల పట్ల దయ చూపుతాను, వాటిని కాపాడుతాను అనేదీ ఉంది. అది వాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న మాట కాదు. మన మాటే. దాన్ని మనమే మన బుద్ధితో అర్థం చేసుకోవాలి.

అవసరమా, కోరికా?

'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ అహింసను రెండు మాటలతో విడదీసి చూపించారు. అవసరం కొద్దీ చంపడం వేరు, చంపాలన్న కోరికతో చంపడం వేరు. బుద్ధుడు అహింసను గుడ్డిగా పాటించే నిబంధనగా పెట్టలేదు, ఆలోచించి నడుచుకునే సూత్రంగా ఇచ్చాడు అన్నది ఆయన వివరణ. నిబంధనకు లొంగేవాడికి ఆలోచనతో పనిలేదు. సూత్రాన్ని పట్టుకున్నవాడు ప్రతి సందర్భంలోనూ ఆలోచించాల్సిందే.

ఇదే కొలతను తమ్ముడి ప్రశ్నకు పెట్టి చూద్దాం. సముద్రం మీద బతికే కుటుంబానికి వేట అవసరం. కూలి చేసుకుని ఇంటికొచ్చిన మనిషికి ఆ చేప తిండి. గాజుతొట్టిలో ఆక్టోపస్ ఏ అవసరం తీరుస్తుంది? ఆకలి తీర్చదు, కాపలా కాయదు, పాలివ్వదు. చూసుకోవడానికి బాగుంటుంది, వచ్చినవాళ్లకు చూపించుకోవచ్చు. అది కోరిక. కోరికలన్నీ చెడ్డవని నేననను. కానీ నా కోరిక తీరడానికి ఇంకో ప్రాణి బతుకంతా ఖర్చు అవుతుంటే, ఆ ప్రాణి ఎలాంటిదో తెలుసుకోవాలి గదా.

ఆ ప్రాణి ఎలాంటిది?

ఆక్టోపస్‌కు మూడు గుండెలు. దాని రక్తంలో ఇనుము బదులు రాగి ఉంటుంది, అందుకే నీలంగా ఉంటుంది. మామూలు ఆక్టోపస్‌కు సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉంటాయి. వాటిలో మూడింట రెండు వంతులు ఎనిమిది చేతుల్లోనే ఉంటాయి. అంటే దాని చెయ్యి తాకుతుంది, రుచి చూస్తుంది, కొంతవరకు సొంతంగా నిర్ణయం కూడా తీసుకుంటుంది. ఒంట్లో ఎముక లేదు. నోటి ముక్కు పట్టినంత సందు దొరికితే ఒళ్లంతా దూర్చేస్తుంది. 2016లో న్యూజిలాండ్ జాతీయ అక్వేరియంలో ఇంకీ అని పేరు పెట్టిన ఆక్టోపస్ మూత సందులోంచి బయటికొచ్చి, నేల మీద పాకి, నీటి గొట్టంలో దిగి సముద్రంలోకి వెళ్లిపోయింది. అక్కడ తిండికి కొదవ లేదు. అయినా ఉండలేదు.

దీనికి నొప్పి తెలుసా? 2021లో వచ్చిన ఒక పరిశోధనలో ఆక్టోపస్‌లకు మంట పుట్టించే ఆమ్లాన్ని సూదితో ఎక్కించి ఒక గదిలో ఉంచారు. తర్వాత అవి ఆ గదికి పోవడం మానేశాయి. మొద్దుబారే మందు ఇచ్చిన గదిని మాత్రం ఎంచుకున్నాయి. ఇది ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కోవడం ఒక్కటే కాదు. బాధను గుర్తుపెట్టుకుని, ఉపశమనం కోరుకోవడం. ఇలాంటి ఆధారాలన్నీ చూసి బ్రిటన్ 2022లో తెచ్చిన జంతు సంక్షేమ చట్టంలో ఆక్టోపస్, స్క్విడ్, కటిల్‌ఫిష్‌లనూ, పీతలూ రొయ్యల జాతినీ బాధ తెలిసిన ప్రాణులుగా చేర్చింది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టమైతే మనిషి తప్ప ప్రతి ప్రాణినీ జంతువనే అంటుంది.

మన ఒడ్డుకు కొట్టుకొచ్చే తెల్లటి, తేలికైన సముద్రపు నురుగు మీకు తెలుసు. పంజరంలో చిలకలకు ముక్కు అరగదీసుకోవడానికి కడతారు. అది నురుగు కాదు. కటిల్‌ఫిష్ ఒంట్లోని పెంకు. ఒక ప్రాణి మిగిల్చిపోయినదాన్ని ఇంకో బందీ ముందు వేలాడదీస్తున్నాం. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

తొట్టిలో ఏమవుతుంది?

కుక్కా మేకా వేల ఏళ్లుగా మనిషితో బతకడం నేర్చుకున్నాయి. ఆక్టోపస్ అలా కాదు. ఒంటరిగా తిరుగుతుంది, రాళ్ల సందుల్లో దాక్కుంటుంది, వేటాడి తింటుంది. చాలా జాతులకు ఆయుష్షు ఏడాది, రెండేళ్లే. ఆడది గుడ్లు పెట్టినాక తిండి మానేసి వాటిని కాచుకుని, అవి పొదిగే నాటికి చనిపోతుంది. అంత చిన్న బతుకులో ఆరు నెలలు గాజు మధ్య గడపడమంటే సగం బతుకు పోయినట్టే.

కుళాయి నీళ్లల్లో ఉప్పు కలిపితే సముద్రం కాదు. నీళ్లలో రాగి కొంచెం చేరినా దానికి విషం. చేపల జబ్బులకు వాడే కొన్ని మందుల్లో ఆ రాగే ఉంటుంది. అది వదిలే మలినాన్ని ఎప్పటికప్పుడు తీయకపోతే దాని నీళ్లే దాన్ని చంపుతాయి. మన ఎండాకాలంలో నీళ్లు వేడెక్కుతాయి, కరెంటు పోతే గాలి పంపు ఆగుతుంది. బందీగా ఉన్న ఆక్టోపస్ ఒత్తిడికో జబ్బుకో తన చేతుల్ని తానే కొరుక్కున్న సందర్భాలూ ఉన్నాయి.

తమ్ముడి ఆక్టోపస్ తొట్టి దాకా రాలేదు. మర్నాడు పొద్దున ఫోన్ చేశాడు. బక్కెట్లోనే చచ్చిపోయింది. "ఎవరం ఏమీ చేయలేదన్నా" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కర్మ అంటే చేతన, అంటే మనసులోని ఉద్దేశమని బుద్ధుడు చెప్పాడు. ఆ పిల్లవాడికి చంపే ఉద్దేశం లేదు. అతన్ని నేను తప్పుపట్టను. కానీ ఏమరుపాటు కూడా ఉంది గదా. ప్రమాదానికి లోనుకాకుండా మెలకువగా ఉండమనడం ధమ్మంలో చివరి మాట కాదు, మొదటి మెట్టు. తెలియక చేసినప్పుడు అది అజ్ఞానం. తెలిసినాక మళ్లీ చేస్తే అజ్ఞానం అనడానికి లేదు. "చంపడం లేదు" అంటే సరిపోదు. బతకనిస్తున్నామా అని కూడా అడగాలి.

ప్రశ్న మన వైపు తిరిగినప్పుడు

ఇంత చెప్పినాక పళ్లెంలో చేపముక్క నన్ను అడగదా? అడుగుతుంది. నేను చేపలు తింటాను. అవసరానికి ఎంత, నాలుక కోరికకు ఎంత అనేది ఇప్పుడు నాకు ముందున్నంత తేలిక ప్రశ్న కాదు. మన జిల్లాకు తిండి పెట్టే రొయ్యల వ్యాపారంలో గుడ్ల కోసం తల్లిరొయ్య కంటి కాడను తెంచే పద్ధతి ఉంది. ఆ తల్లిరొయ్యకు మేపేవాటిలో స్క్విడ్ ఒకటి. ఆ పనిలో దినకూలికి పోయే మన అక్కచెల్లెళ్ల మీద ఈ భారం మోపడం అన్యాయం. లాభం తీసుకునేవాడిదీ, కొనేవాడిదీ ముందు బాధ్యత. ప్రాణుల్ని అమ్మే వ్యాపారం ఉపాసకుడికి తగదని బుద్ధుడు చెప్పింది ఊరికే కాదు.

కొనేవాడు లేకపోతే అమ్మేవాడు ఉండడు. 1992లో మన దూబగుంట ఆడవాళ్లు సారాను ఎదిరించినప్పుడు ఏ శాస్త్రమూ చదివి రాలేదు. ఇంట్లో జరుగుతున్న నష్టాన్ని కళ్లతో చూసి, వద్దన్నారు. ఆ ధైర్యం మనది.

కాబట్టి తమ్ముడికి నా జవాబు ఇది. తినడానికి తప్పు లేదని నేను చెప్పలేదు, అక్కడ అవసరమనే ప్రశ్న మిగిలే ఉంది. పెంచుకోవడంలో ఆ అవసరం కూడా లేదు. ఈసారి వలలో ప్రాణంతో పడితే చూడు, నీ చేతి మీద పాకనివ్వు, రంగు ఎలా మారుస్తుందో పిల్లలకు చూపించు. తర్వాత పడవ అంచు మీది నుంచే నీళ్లలోకి వదిలెయ్యి.

గోడ అవతల ఉండటమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. మన చేతుల్తో ఇంకో గోడ కట్టే ముందు ఒక్క క్షణం ఆగుదాం.

నమో బుద్ధాయ! జై భీమ్!