మజిలీలు ముందే రాసుకోవాలా?



దూర ప్రయాణం తలపెట్టిన ప్రతి ఇంట్లోనూ రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు నెల ముందే కాగితం, కలం పట్టుకొని కూర్చుంటారు. ఏ రోజు ఎక్కడ పడుకోవాలి, ఎన్ని గంటలకు లేవాలి, ఏ ఊళ్లో టిఫిను, ఏ ఊళ్లో భోజనం, అంతా రాసిపెడతారు. మరొకరు "పోతూ పోతూ చూసుకుందాంలే, దారి ఎక్కడికీ పారిపోదు కదా" అంటారు. మొదటివారి కంటికి రెండోవారు బాధ్యత లేనివారు. రెండోవారి కంటికి మొదటివారు యాత్రకు కాక పరీక్షకు పోతున్నవారు. వీరిలో ఎవరిది సరి? ఇది ఉత్త స్వభావాల తేడాయేనా, లేక ఇందులో మంచిచెడుల ప్రశ్న ఏదైనా ఉందా? ఉందనే నా అభిప్రాయం. ఈ వారం ఆ సంగతి కొంచెం ఆలోచిద్దాం.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందరు వేసవిలో పడకలు, వంటగది, స్నానాల గది అన్నీ ఉన్న పెద్ద బండిని బాడుగకు తీసుకొని వారాల తరబడి తిరిగి వస్తుంటారు. మనకు ఇలాంటి బండ్లు సినిమా తారల కారవాన్లుగానే పరిచయం. పొరుగున కేరళ ప్రభుత్వం 2021లో వీటిని యాత్రికుల కోసం ప్రోత్సహించే విధానం ప్రకటించింది. ఇల్లే వెంట వస్తుంటే ఇక ప్రణాళిక దేనికి అనిపిస్తుంది. కానీ అమెరికాలోని జాతీయ ఉద్యానవనాల్లో ఈ బండ్లు నిలుపుకొనే చోట్లు చాలావాటికి నెలల ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. మంచినీళ్లు ఎక్కడ నింపుకోవాలో, మురుగునీళ్లు ఎక్కడ వదలాలో చూసుకోవాలి. ఇల్లు వెంట తెచ్చుకున్నవానికి ఇంటి బాధ్యతలు కూడా వెంట వస్తాయి.

నిజానికి ఇల్లు వెంటబెట్టుకొని పోవడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరారు. వెంట కుటుంబం, పరివారం, పనివారు కలిసి సుమారు వందమంది. డేరాలు, పల్లకీలు, సామాన్లు సరేసరి. మొదటి మజిలీల్లోనే మన తిరుపతికి వచ్చారు. ఇక్కడి నుంచి కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ చేరి కాశీకి వెళ్లారు. గయ, కలకత్తా, పూరీ చూసుకొని కోస్తా దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణం అది. రైలు లేదు, తంతి లేదు. దారి పొడవునా చూసినది రాసి, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపుతూ వచ్చారు. ఆయన మరణానంతరం 1838లో ఆ మిత్రుడే దాన్ని "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చు వేయించారు.

ఆ పుస్తకంలో గొప్ప క్షేత్రాల వర్ణనల కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి చిన్న చిన్న సంగతులు. ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దొరకవు, దారి రాళ్లదా ఇసుకదా, దిగడానికి వసతి ఉన్నదా లేదా అని ఓపికగా రాశారు. ఎవరికోసం? తన ప్రయాణం అయిపోయింది. రాసింది తన తరువాత ఆ దారిన వచ్చేవారికి అక్కరకు వస్తుంది. ముందుచూపు అంటే నా సుఖానికి నేను చేసుకునే ఏర్పాటే కాదు, నా పక్కనున్నవారికీ నా వెనుక వచ్చేవారికీ నేను చేసే సేవ కూడా అని ఆ పుటలు చెప్పకనే చెబుతాయి.

అలాగని వందమందితో పోయే ప్రయాణాన్ని గడియలు లెక్కగట్టి నడపడం ఎవరి తరమూ కాదు. మే నెలలో బయలుదేరినవారికి దారిలో వానలు తప్పవు. ఏరు పొంగితే ఎంత గొప్ప ప్రణాళిక అయినా గట్టున కూర్చోవలసిందే. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు అని మన పెద్దలు ఊరికే అనలేదు. కాశీ చేరాలన్నది నిశ్చయం, ఏ రోజు చేరతామన్నది దారి చెప్పాలి.

ఈ భేదాన్నే తత్త్వశాస్త్రం మరో రకంగా చెబుతుంది. మనం తర్జనభర్జన పడేది గమ్యాన్ని గురించి కాదు, గమ్యానికి చేర్చే మార్గాలను గురించి అన్నాడు అరిస్టాటిల్. వైద్యుడు రోగిని బాగుచేయాలా వద్దా అని ఆలోచించడు, ఎలా బాగుచేయాలా అని ఆలోచిస్తాడు. ఆయనే మరోచోట లెస్బోసు దీవి తాపీ పనివారి కొలబద్దను ఉదాహరణగా తెస్తాడు. అది సీసంతో చేసిన బద్ద. రాయి వంపును బట్టి వంగుతుంది. వంగినా అది కొలబద్దే, కొలవడం మానదు. వంగని బద్దతో వంపు రాయిని కొలవలేం. అసలు బద్దే లేకపోతే ఏ రాయినీ కొలవలేం. ప్రయాణానికి కావలసిన ప్రణాళిక కూడా ఇలాంటిదే.

పునీత అక్వీనాసు తోమాసు వివేకమనే సద్గుణానికి ఎనిమిది అంగాలు చెప్పాడు. వాటిలో ముందుచూపు ఉంది. చుట్టూ ఉన్న పరిస్థితులను గమనించి నడచుకోవడమూ ఉంది. గడచిన అనుభవాల జ్ఞాపకం, ఇతరుల మాట వినే గుణం కూడా ఉన్నాయి. గమనించారా? ప్రణాళిక వేసేవాని గుణమూ, దాన్ని సందర్భానుసారం సవరించుకొనేవాని గుణమూ ఒకే సద్గుణానికి చెందిన రెండు అంగాలు. మనం వాటిని రెండు పార్టీలుగా విడదీసి పోట్లాడుకుంటున్నాం.

అయితే ఇంతటితో ప్రశ్న తీరిపోలేదు. ఎప్పుడు పట్టుబట్టాలి, ఎప్పుడు విడవాలి అన్నది ఎలా తెలియాలి? ఇక్కడే నీతి ప్రశ్న మొదలవుతుంది. ఒంటరిగా పోయేవాడు మనసు మార్చుకుంటే దాని కష్టనష్టాలు అతనివే. కలిసి పోయేటప్పుడు అలా కాదు. పల్లకీలో కూర్చున్నవారు "ఇంకొక ఆమడ పోదాం" అన్నారంటే ఆ మాట బరువు మోసేది బోయీల భుజాలు. కనుక ప్రణాళిక తోటివారికి మనం ఇచ్చిన మాట. దాన్ని నమ్మి ఒకరు సెలవు పెట్టుకున్నారు, ఒకరు మందులు లెక్కపెట్టి తెచ్చుకున్నారు, ఒకరు బిడ్డను అమ్మమ్మ దగ్గర దించి వచ్చారు. మార్చవచ్చు, తప్పులేదు. కానీ ఎవరి మేలు కోసం మారుస్తున్నాం, ఆ మార్పు ఖర్చు ఎవరు భరిస్తున్నారు, వారికి చెప్పామా, ఈ మూడూ అడిగి తీరాలి.

పునీత పౌలు ఈ చిక్కును స్వయంగా అనుభవించాడు. కొరింతుకు వస్తానని అనుకున్నవాడు రాలేదు. చపలచిత్తుడని, ఒకసారి అవునని మరొకసారి కాదంటాడని అక్కడివారు నొచ్చుకున్నారు. దానికి ఆయన "నా ఇష్టం" అనలేదు. ఉత్తరం రాసి సంజాయిషీ ఇచ్చాడు. అప్పట్లో వస్తే మీకు బాధ కలిగేది, మిమ్ము నొప్పించకూడదనే రాలేదని వివరించాడు. మార్చింది వారి కోసం, మార్చిన కారణం చెప్పింది వారికే. ఇంతకన్నా మంచి నమూనా ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఆగస్టు నెలాఖరు నుంచి సెప్టెంబరు 8 వరకు జరిగే ఆరోగ్యమాత ఉత్సవాలకు మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు వ్యాను బాడుగకు మాట్లాడుకొని వేలాంగణికి పోతాయి. చిత్తూరు నుంచి వేలూరు, తిరువణ్ణామలై, చిదంబరం, నాగపట్టణం మీదుగా మూడు వందల కిలోమీటర్లకు పైనే దారి. సద్దిమూట, చాపలు, గ్యాసు పొయ్యి, పిల్లల దుప్పట్లు, అంతా వ్యానులోనే. మన కారవాన్ అదే. ఇందులో ప్రణాళిక ఎక్కువై కొందరూ, తక్కువై కొందరూ తోటివారిని కష్టపెడతారు.

ఎక్కువైనవారు రెండు రోజుల సెలవులో ఐదు చోట్లు చుట్టిరావాలని పట్టుబడతారు. పిల్లవానికి వాంతులవుతున్నా, ముసలమ్మకు కాళ్లు వాచినా బండి ఆగదు, కాగితంలో లేదు కనుక. తక్కువైనవారు దారిలో కనిపించిన చోటల్లా దిగుతారు. సముద్రం దగ్గర మరో గంట, అంగళ్ల దగ్గర మరో రెండు గంటలు. చివరికి తెల్లారి డ్యూటీకి అందుకోవాలన్న సంగతి గుర్తుకొచ్చి, "రాత్రికి రాత్రి తోలేయి నాయనా" అని డ్రైవరు భుజం తడతారు.

చూశారా, రెండు దారులూ చివరికి ఒక్కచోటికే వచ్చాయి. మూల్యం చెల్లించేది స్టీరింగు పట్టుకున్న మనిషి. మన ప్రణాళికలో అందరి భోజనాలూ ఉంటాయి, అతని నిద్ర మాత్రం ఉండదు. మనం గుడిలోనూ సముద్రం ఒడ్డునా గడిపినంతసేపు అతను బండికి కాపలా. దాన్ని విశ్రాంతి అనగలమా? డ్రైవర్ల పనికి రోజుకు సాధారణంగా 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం హద్దు పెట్టింది. చట్టం చూడగలిగిన అలసటను మన కళ్లు చూడలేవా?

2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు భాకరాపేట కనుమలో లోయలో పడి శుభకార్యానికి బయలుదేరినవారు ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రమాదానికి కారణాలు తేల్చడం అధికారుల పని, నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. కానీ రాత్రిపూట కనుమదారి ఎలాంటిదో ఈ సీమలో పుట్టిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తెలిసి కూడా "తెల్లారేసరికి అక్కడ ఉండాలి" అని పట్టుబట్టే ముందు ఒక్క క్షణం ఆగాలి.

ఆగడం కూడా ప్రయాణంలో భాగమే. 2021 నవంబరులో తిరుపతిని వానలు ముంచెత్తాయి. స్వర్ణముఖి పొంగింది, తిరుమల కొండదారులు మూసివేశారు. ఎక్కడెక్కడి నుంచో తారీఖు చూసుకొని వచ్చినవారు ఉన్నచోటనే ఉండిపోయారు. అలాంటప్పుడు కోపం తెచ్చుకొని ప్రయోజనం లేదు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచునన్న మాటను సోమరితనానికి సాకుగా వాడుకోకూడదు. గోపురం కట్టబోయేవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోవాలని చెప్పింది సువార్తే. రేపు ఫలానా ఊరికి పోతామని గొప్పలు చెప్పుకునేవారిని మందలించి, దైవచిత్తమైతే అనమని చెప్పింది పునీత యాకోబు లేఖ. లెక్క చూసుకోవాలి, ఆ లెక్క తప్పితే తట్టుకోవాలి. ఈ రెండూ కలిస్తేనే నమ్రత.

కనుక ఈసారి వ్యాను మాట్లాడుకొనే ముందు ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఎందుకు పోతున్నామో ఒక్క మాటలో అనుకోండి, దాన్ని మార్చకండి. మజిలీలు తక్కువగా రాసుకోండి, నడుమ ఒక పూట ఖాళీగా వదలండి. అందరికన్నా ముందు డ్రైవరు నిద్ర వేళ రాయండి, తరువాత ముసలివారివి, పసిపిల్లలవి. దారిలో ఏదైనా మార్చవలసి వస్తే బండిలోని అందరినీ అడగండి. నోరు తెరిచి కాదనలేనివారి ముఖం చూసి మరీ అడగండి.

ఆలస్యంగా చేరితే చేరుదురు గాక. కలిసి బయలుదేరినవారంతా క్షేమంగా కలిసి చేరారా అన్నదే అసలు లెక్క.