పూచీకి గడువు

మన భాషలో ‘పూచీ’ అని ఒక మంచి మాట ఉంది. ‘దానికి నాదీ పూచీ’ అన్నాడంటే ఆ మనిషి మాటకి నిలబడతాడని అర్థం. ఇప్పుడు దాని స్థానంలో వారంటీ కార్డు వచ్చింది. దాని మీద తేదీ ఉంటుంది, షాపు స్టాంపు ఉంటుంది, వెనకవైపు చీమతలకాయలంత అక్షరాల్లో షరతులుంటాయి. వాటిని చదివి కొన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

గంపలగూడెంలో పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసి బతికే కుర్రాడొకడున్నాడనుకోండి. అప్పుచేసి హైదరాబాదు వెళ్ళి కెమెరా కొన్నాడు. ఏడాది వారంటీ. పదమూడో నెలలో, సరిగ్గా మాఘమాసం ముహూర్తాల నడుమ, ఫొటోల మీద చారలు పడటం మొదలైంది. సర్వీసు సెంటరులో రెండే ప్రశ్నలు వేస్తారు: ఎప్పుడు కొన్నారు? తడిసిందా? మొదటిదానికి జవాబు రసీదు మీదే ఉంది. తడవలేదని ఎలా రుజువు చెయ్యాలి? కట్టలేరు పొంగే రోజుల్లో అక్కడ గాలే తడిగుడ్డలా ఉంటుందాయె!

నా ధర్మసందేహమల్లా ఇదీ. తయారీలో జరిగిన తప్పు పదమూడో నెలలో పుట్టదు. వస్తువుతోపాటే పుట్టి, బయటపడటానికి అన్నాళ్ళు పట్టిందంతే. తప్పు లోపల అలాగే ఉండగా, బాధ్యత మాత్రం ఫలానా రోజు అర్ధరాత్రికి ఎలా తీరిపోతుంది? సంతలో ఎద్దుని కొనేవాడు పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. కొనేముందు నువ్వే చూసుకోవాలన్న పాతన్యాయం ఎద్దుకి సరిపోయింది. సెన్సారు లోపలి తీగె అతుకుని ఎవడు చూడగలడు?

కంపెనీవాడి పక్కనా న్యాయం లేకపోలేదు. అసలు గడువే లేకపోతే తాత వాడి అరగదీసిన కెమెరాకి మనవడొచ్చి తగువు పెట్టుకుంటాడు. అరుగుదలకి గడువు పెట్టుకోవచ్చు, నేనొప్పుకుంటాను. పుట్టులోపానికీ అదే గడువంటేనే మనసొప్పదు.

కంపెనీలు కూడా ఈ తేడా ఒప్పుకున్న సందర్భాలున్నాయి. సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ సెన్సార్లలో లోపలి తీగెల అతుకులు వేడికీ తేమకీ ఊడిపోతున్నాయని 2005లో బయటపడింది. బొమ్మలు వంకరపోయేవి, లేదా అసలే వచ్చేవి కావు. ఆ సెన్సార్లు వాడిన కానన్, నికాన్, ఫూజీ వగైరా కంపెనీలు, వారంటీ దాటిపోయినా సరే, ఆ లోపాన్ని ఉచితంగా బాగుచేస్తామన్నాయి. వేడీ, తేమా! ‘తడిసిందా’ అని కొన్నవాడి మీదికి నెట్టే నేరం వెనక అప్పుడు నిజంగా ఉన్నది ఫ్యాక్టరీవాడి అతుకే. తరవాత, 2012లో వచ్చిన నికాన్ డి600 సెన్సారు మీద పదేపదే మచ్చలు కనిపించాయి. 2014 ఫిబ్రవరిలో, గడువుతో నిమిత్తం లేకుండా శుభ్రంచేసి అవసరమైతే షట్టరు మారుస్తామని కంపెనీ ప్రకటించింది. ఈలోగా 2013లోనే డి610 అని కొత్తది బజారుకి పంపింది లెండి!

అయితే అదంతా వేలమంది ఒకే గోల పెట్టాక జరిగిన ముచ్చట. వేలమంది చెబితే తయారీ లోపం, ఒక్కడు చెబితే వాడకం లోపం. గంపలగూడెం కుర్రాడు ఆ ఒక్కడు. అటు పెళ్ళికూతురి తండ్రి దగ్గర ‘వారంటీ అయిపోయిందండీ’ అంటే చెల్లుతుందా? తలంబ్రాలు మళ్ళీ పోయించగలడా? ఏ కార్డూ రాసివ్వకపోయినా అడ్వాన్సు తిరిగిచ్చి, మాటపడి, తలొంచుకుని రావలసింది వాడే.

చట్టం కొంత దారి చూపింది. సొంతంగా పనిచేసుకుని బతకటానికి కొన్నవాడు కూడా వినియోగదారుడే. వ్యాపారం కోసం కొన్నావు పొమ్మంటే కుదరదు. 2019 నాటి చట్టం 2020 జూలైలో అమలుకి వచ్చాక సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు, హైదరాబాదు దాకా తిరగక్కర్లేదు. వస్తువుని పరీక్షకి ల్యాబుకి పంపించే అధికారం కమిషన్‌కి ఉంది. ఆ ఖర్చు ముందుగా ఫిర్యాదీతో కట్టించవచ్చట, అదేం న్యాయమో!

రుజువు గురించి ఆంధ్ర రైతుల కేసొకటి చెప్పుకోవాలి. జాతీయ విత్తన సంస్థ విత్తనాలు కొని నష్టపోయామని వాళ్ళు ఫిర్యాదు చేస్తే, పరీక్షకి విత్తనాల నమూనా ఏదీ అన్న వాదన లేచింది. ముందే లోపముంటుందనుకుని ఏ రైతూ కొన్ని గింజలు విడిగా దాచిపెట్టడని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రైతులు కొన్నదంతా పొలంలో చల్లేశారు. మన కుర్రాడి సంగతి కొంత మెరుగు. డిజిటల్ కెమెరా ప్రతి ఫొటోలోనూ తేదీ, వేళా తనే రాసుకుంటుంది. పదకొండో నెలలో తీసిన ఏ ఓణీల ఫంక్షన్ ఫొటోలోనో సన్నటి చార ఒకటి ఉండే ఉంటుంది. బాగా రాలేదని వాడది చెరిపెయ్యకుండా ఉంటే.