చేతికి చిక్కిన సింహాసనం

దేవుడే హెచ్చిస్తాడని నమ్మేవాడు తన ఎదుగుదల కోసం ఎంతవరకు పాటుపడవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి? ఈ ప్రశ్నకు బైబిల్లో నాకు కనిపించిన అత్యంత స్పష్టమైన జవాబు దావీదు జీవితం. సమూయేలు ప్రవక్త అతన్ని రాజుగా అభిషేకించింది గొర్రెలు కాచుకునే వయసులో. హెబ్రోనులో రాజయ్యేసరికి అతనికి 30 ఏళ్లు. ఈ మధ్యకాలంలో కొన్నేళ్లు అడవుల్లో, గుహల్లో, పరాయి రాజు పంచన గడిచాయి. 3,000 మందితో తనను వేటాడుతున్న రాజు సౌలు ఏన్గెదీ గుహలో ఒంటరిగా చేతికి చిక్కినప్పుడు, ఇది దేవుడిచ్చిన రోజేనని వెంట ఉన్నవాళ్లు తొందరపెట్టారు. దావీదు అంగీ చెంగు మాత్రం కోశాడు. ఆ పాటి పనికే అతని మనసు నొచ్చుకుంది. తర్వాత జీఫు అరణ్యంలో మళ్లీ అదే అవకాశం వస్తే, నిద్రపోతున్న రాజు తలాపునున్న ఈటె, నీళ్లబుడ్డి తీసుకుని వచ్చేశాడు. సింహాసనం తనకు వస్తుందా అన్న అనుమానంతో అతను ఆగలేదు. ఇస్తానన్నవాడి మీద నమ్మకం ఉంది కాబట్టే లాక్కోవలసిన అవసరం కనపడలేదు. అవకాశం కలిసొస్తే చాలు, అదే దైవచిత్తమని చెప్పుకోవడం భక్తుల్లో చాలా పాత అలవాటు. ఆ వాదనకు దావీదు లొంగలేదు.

అతని కొడుకులు లొంగారు. అబ్షాలోము, తర్వాత అదోనీయా, ఇద్దరూ రథాలు సమకూర్చుకుని, ముందు పరుగెత్తడానికి 50 మందిని పెట్టుకున్నారు. అబ్షాలోము అయితే తెల్లవారుతూనే గుమ్మం దగ్గర నిలబడి, వ్యాజ్యాలతో వచ్చినవాళ్లను ఆప్యాయంగా పలకరిస్తూ, తాను న్యాయాధిపతి అయితే ఎంత మేలు జరిగేదో చెప్పేవాడు. మన ఊళ్లలో సువార్త సభల ఫ్లెక్సీల మీద వక్త ముఖం, బిరుదులు ఏటేటా పెరిగిపోవడం చూస్తుంటే నాకు ఆ గుమ్మమే గుర్తొచ్చి బాధ కలుగుతుంది. ఎవరి పేరు ప్రకటించడానికి కట్టారో ఆ పేరే అక్కడ చిన్న అక్షరాల్లోకి పోతోంది.

అయితే చేతులు ముడుచుకుని కూర్చోవడమేనా భక్తి అని అడిగేవాళ్లున్నారు. దావీదు అలా కూర్చోలేదు. గొల్యాతును ఎదిరించడానికి నువ్వు చాలవని సౌలు అన్నప్పుడు, సింహాన్నీ ఎలుగుబంటినీ చంపిన సంగతి దాచకుండా చెప్పాడు. చేయవలసిన పని ఎదురుగా ఉన్నప్పుడు ఉన్న సామర్థ్యాన్ని ఉన్నట్టు చెప్పడం సొంత డప్పు కాదు. తిరుగుబాటు చేసిన అబ్షాలోముకు భయపడి యెరూషలేము విడిచి పారిపోతూ, వెంట తెచ్చిన దేవుని మందసాన్ని వెనక్కి పంపేశాడు. తనను తిరిగి రప్పించడమో మానడమో దేవుడి ఇష్టమన్నాడు. ఆ రోజే, అబ్షాలోముతో చేరిన తన సలహాదారు అహీతోపెలు ఎత్తులను చెడగొట్టడానికి స్నేహితుడు హూషైని నగరంలోకి పంపాడు. నమ్మకం, ప్రయత్నం రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డు రాలేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. తగ్గి ఉండమని తరతరాలుగా వాళ్లను అణచినవాళ్లు కూడా దేవుడి పేరే వాడుకున్నారు. మళ్లీ వాళ్లకే దీనత్వం బోధించడం న్యాయమా? కాదు. ఏన్గెదీలో తగ్గినవాడి చేతిలో కత్తి ఉంది. అధికారం అందినవాడు దాన్ని తనకోసం వాడకపోవడమే అక్కడి దీనత్వం. పైనున్నవాడు కిందివాడి దగ్గర వసూలు చేసుకునే వినయానికి లేఖనంలో ఆధారం లేదు. తండ్రి స్వాస్థ్యంలో తమకు భాగం ఇమ్మని సెలోపెహాదు కుమార్తెలు మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి అడిగితే, వాళ్ల మాట న్యాయమని దేవుడే తీర్పు చెప్పాడు. హక్కు అడగడాన్ని గర్వమని పిలిచే బోధకుడు వాళ్ల సంగతి ఉన్న అధ్యాయం మరోసారి చదవాలి.

నమ్మి ఆగినవాడికి హెచ్చింపు ఖాయమా అన్నది చివరి ప్రశ్న. ఇక్కడ దావీదును పక్కన పెట్టి సౌలు కొడుకు యోనాతానును చూడాలి. వారసత్వం లెక్కన సింహాసనం అతనిది. అయినా తన దుప్పటి, కత్తి, విల్లు దావీదుకిచ్చాడు. నువ్వు రాజువైతే నేను నీ తర్వాతివాడిగా ఉంటానన్నాడు. ఆ రెండో స్థానం కూడా దక్కకుండానే గిల్బోవ కొండ మీద తండ్రితోపాటు చనిపోయాడు. దైవం మీద భారం వేయడాన్ని పైకి రావడానికి ఒక ఉపాయంగా బోధించేవాళ్లు ఇతని కథను దాటవేస్తారు. నాకు మాత్రం దావీదు ఓర్పు కంటే యోనాతాను వదులుకోవడమే బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది. దావీదు వెనక ఒక వాగ్దానం ఉంది, యోనాతానుకు అదీ లేదు.