భాగమును జూచి తీర్పు

సంబంధము చూచువారు ఇంటిపేరును, ఆస్తిని విచారించి వరుని శీలమును నిర్ణయించుచున్నారు. ఉపాధ్యాయులు ఒక పరీక్షలోని మార్కులు చూచి బాలుడు మందుడనుచున్నారు. కొంత చూచి యంతయు తెలిసినదనుట న్యాయమా? ఈ ప్రశ్నకు గణితశాస్త్రమున నొక చక్కని దృష్టాంతము కలదని మా యభిప్రాయము. అది మన సీమకు పరాయి శాస్త్రము కాదు. 1909లో జన్మించిన సూరి భగవంతముగారును టి. వెంకటరాయుడుగారును రచించిన సమూహసిద్ధాంత గ్రంథమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో ప్రకటించినది.

సమూహమననేమి? బందరు అద్దకమున వాడు చదరపు అచ్చునొకదానిని తలచుకొందము. పావుచుట్టు త్రిప్పినను దాని పూవు మారదనుకొందము. ఊరకుండుట, పావు, అర, ముప్పావు చుట్టు త్రిప్పుట అను నాలుగు క్రియలును చేరి యొక సమూహము. ఊరకుండుటయు, అరచుట్టును మాత్రమే చేరినచో నది యుపసమూహము. దీని నాధారముగా గొని మొదటిదానిని చిన్న సమూహములుగా విడదీయవచ్చును. అట్లు విడదీయ వీలుకానివి సరళసమూహములు. పేరునకు సరళములేగాని, వీనిని గుర్తించుట మిక్కిలి కఠినము.

సంఖ్యను బట్టి గుర్తింతమా? 20,160 క్రియలుగల సరళసమూహములు రెండున్నవి. ఒకదానియందు 15 క్రియల యుపసమూహము కలదు, రెండవదానియందు లేదు. లెక్క యొక్కటే, స్వభావము వేరు. కావున లోపలికి చూడవలెను.

1954లో ఆమ్‌స్టర్‌డాము మహాసభయందు బ్రౌవరు పండితుడొక మార్గము చూపెను. రెండుమారులు చేసినచో యథాస్థితికి తెచ్చు క్రియ నొకదానిని గైకొని, దానితో ముందువెనుకల భేదములేక పొసగు క్రియలన్నిటిని కూర్చిన నొక యుపసమూహ మేర్పడును. దానిని బట్టి మొత్తమును గుర్తింపవలెననుట యాతని మతము. అట్టి యుపసమూహము తెలిసినచో దానికి తగు సరళసమూహములు పరిమితములేయని 1955లో ఫౌలరుతో కలసి యాతడు నిరూపించెను.

అయినను పరిమితమనగా నొక్కటియని యర్థము కాదు. మాత్యూ పండితుని పేర బరగుచు, 24 గుర్తులను తారుమారు చేయు సరళసమూహమునందలి యట్టి భాగమే వేరొక సరళసమూహమునందును కలదు. 1969లో హెల్డు విచారించి, ఈ రెండేగాక, అంతవరకెవ్వరు నెరుగని మూడవదానికిని తావున్నదని కనుగొనెను. హిగ్మను, మెకేలు యంత్రగణన సాయమున దాని యునికిని స్థిరపరచిరి. దానియందలి క్రియలు 4,03,03,87,200.

తానెరిగిన రెండును సరిపోయినవని హెల్డు విచారణ మానియుండినచో, మూడవది యాతనికి కనబడెడిది కాదు. బాలుని విషయమునను, వరుని విషయమునను మనము చేయు తొందర యిదియే: ఎరిగిన మచ్చులలో నొకదానియం దిమిడ్చి తృప్తి పడుచున్నాము. అట్లని యెవరిని గూర్చియు నేమియు తేల్చరాదనుటయు సరికాదు. లోపలి సాక్ష్యము సందేహమునకు మేర గీయగలదు. ఆ మేర తెలియువరకు విచారించుట మన విధి. మేరలోపల మనమెరుగని వానికొక చోటుంచుట న్యాయము.