గోడ మీద వరద

చార్మినార్‌ను కారు అద్దంలోంచి చూస్తే ఫొటో చూసినట్టే. ఓ ఆదివారం నడిచి వెళ్లండి. ముందు ఇరానీ చాయ్. చాయ్ తాగకుండా పాతబస్తీ నడక మొదలుపెట్టేవాళ్లను నేను నమ్మను! 1591 నాటి మినార్ల మీద పావురాలు లేస్తుంటాయి. పడమటి పక్క లాడ్ బజార్. నిప్పుల సెగకు మెత్తబడిన లక్కను గాజుగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కో రాయినీ అద్దుతారు.

అక్కడి నుంచి బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు, అంటే మొహర్రం సంతాప మందిరానికి, వెళ్లాక మాత్రం తొందరపడకండి. గోడ పైభాగాన కుతుబ్‌షాహీల నాటి రంగుపలకలు ఇంకా మెరుస్తున్నాయి. కింద వెలిసిన రంగులు, 1908 మూసీ వరదలో పాడైనచోట తర్వాత దిద్దినవి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో కంటితోనే కొలుచుకోవచ్చు.